రామదండు నేర్పిన చదువు



జూన్ వచ్చిందంటే మీ ఇళ్లలో ఎంత హడావుడిగా ఉంటుందో మాకు తెలుసు. యూనిఫాం కొలతలు, పుస్తకాలకు అట్టలు, బస్సు రూటు, ఫీజు వాయిదాలు. ఈ సందడిలోనే చీరాలకు బాగా కావలసిన ఒక మనిషి జయంతి, వర్ధంతి రెండూ వచ్చి వెళ్లిపోతుంటాయి. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారు 1889 జూన్ 2న పుట్టారు. 1928 జూన్ 10న కన్నుమూశారు. లెక్క వేసుకోండి, 39 ఏళ్ల 8 రోజులు. ఆంధ్రరత్న అంటే మీలో చాలామందికి వెంటనే తెలుస్తుంది. పేరాలలో ఆ పేరుతో హైస్కూలు ఉంది. విజయవాడలో ఆంధ్రరత్న భవన్ ఉంది.

ఆయన గురించి ఈ నెల రాయడానికి ఒక కారణం ఉంది. స్కూల్లో సేవా కార్యక్రమం పెట్టామంటే పేరెంట్స్ మీటింగుల్లో ఒక ప్రశ్న వస్తూ ఉంటుంది. పిల్లల్ని ఎండలో తిప్పి, బజారు శుభ్రం చేయించి, వృద్ధాశ్రమానికి తీసుకెళ్తే చదువుకు ఏమిటి లాభం అని. ఫీజు కట్టే తల్లిదండ్రులుగా మీరు అడగాల్సిన ప్రశ్నే ఇది. దీనికి నేను ఒక పెద్ద ఉపన్యాసం రాయగలను. కానీ మన ఊళ్లోనే, నూరేళ్ల కిందట, వెయ్యిమంది వాలంటీర్లతో ఒకాయన చేసి చూపించింది ఉండగా నా ఉపన్యాసం ఎందుకు? ఆయన కథే చెబుతాను. సమాధానం మీకే తోస్తుంది. కొన్నిచోట్ల మాత్రం నేను అడ్డుపడతాను, టీచర్ని కదా, అలవాటు.

గోపాలకృష్ణయ్య గారు పుట్టింది అప్పటి కృష్ణా జిల్లా పెనుగంచిప్రోలులో. తిరుపతమ్మ తల్లి తిరునాళ్లకు మీరు వెళ్లే ఉంటారు, మునేటి ఒడ్డున ఉన్న ఆ ఊరే. పసిగుడ్డుగా ఉండగానే తల్లి పోయింది. మాటలు పూర్తిగా రాకముందే తండ్రి పోయారు. నాయనమ్మ, పినతండ్రి పెంచారు. రేపల్లె వైపు కూచినపూడిలో కొంత చదువు, గుంటూరులో హైస్కూలు. అంటే ఆయన బాల్యంలో కొంత ఇప్పటి మన బాపట్ల జిల్లాలోనే గడిచింది.

గుంటూరులో చదివే రోజుల్లో ఆయనకు పుస్తకాలకంటే నాటకాల మీద, పాటల మీద ధ్యాస ఎక్కువ. తోటి కుర్రాళ్లను కూడగట్టి నాటక సంఘం నడిపారు. ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. మీ అబ్బాయి తొమ్మిదో తరగతిలో నాటక సంఘం పెడతానంటే మీరేమంటారు? టెన్త్ అయ్యాక చూద్దాం అంటారు. నేనూ అలాగే అంటానేమో. కానీ నాటక సంఘం అంటే ఏమిటో చూడండి. పదిమందిని ఒకచోటికి రప్పించాలి. అలిగినవాణ్ణి బుజ్జగించాలి. చందాలు వసూలు చేయాలి. తెర దించే టైముకు తెర దించాలి. అడగకుండానే వచ్చి కూర్చున్న వందమందిని లేచిపోకుండా కూర్చోబెట్టాలి. పదిహేనేళ్ల తరువాత చీరాలలో ఆయన చేసిన పనికి ఇవే పెట్టుబడి.

స్కూలు చదువు అయ్యాక బాపట్ల తాలూకా ఆఫీసులో కొన్నాళ్లు చిన్న ఉద్యోగం చేశారు. ఆ రోజుల్లో తాలూకా ఆఫీసు ఉద్యోగం అంటే ఇవాళ బ్యాంకు ఉద్యోగం లాంటిది. ఇంట్లోవాళ్లు ఇక స్థిరపడ్డాడు అనుకునే స్థాయి. ఆయనకు అది రుచించలేదు. 1911లో స్నేహితుడు నడింపల్లి నరసింహారావు గారితో కలిసి ఓడ ఎక్కి స్కాట్లాండ్ వెళ్లి, ఎడింబరో యూనివర్సిటీలో చేరి ఎం.ఏ. పూర్తి చేశారు.

విదేశీ చదువంటే మనకు ఉద్యోగం, వీసా, జీతం గుర్తుకొస్తాయి. ఆయన అక్కడ ఉండగా ఇంకో పని కూడా చేశారు. ఆనంద కుమారస్వామి అని కళల మీద ప్రపంచమంతా మెచ్చిన పండితుడు, సింహళంలో పుట్టినవారు. ఆయనతో కలిసి నందికేశ్వరుడి అభినయ దర్పణాన్ని సంస్కృతం నుంచి ఇంగ్లిష్‌లోకి తెచ్చారు. మన కూచిపూడి పిల్లలు చేతి ముద్రలు నేర్చుకునే శాస్త్రం అదే. ఆ పుస్తకాన్ని 1917లో అమెరికాలో హార్వర్డ్ యూనివర్సిటీ ప్రెస్ వేసింది. ఇంగ్లిష్ చెప్పే టీచరుగా నాకు ఇది ఎంతో ఇష్టమైన విషయం. మనవాళ్లలో ఇంగ్లిష్ నేర్చుకుని తెలుగు మర్చిపోయినవాళ్లు ఉన్నారు. ఇంగ్లిష్ నేర్చుకున్నది మన నాట్యశాస్త్రం గురించి బయటివాళ్లకు చెప్పడానికి అన్నట్టు బతికినవాళ్లు తక్కువ.

తిరిగొచ్చాక రాజమండ్రిలో కొంతకాలం, బందరు ఆంధ్ర జాతీయ కళాశాలలో కొంతకాలం పాఠాలు చెప్పారు. ఎక్కడా ఎక్కువ రోజులు నిలవలేదు. పైవాళ్లతో పడేది కాదు, నిజం చెప్పాలంటే కుదురు తక్కువ మనిషి. చివరికి కుదిరింది చీరాలలో. ఇక్కడ ఆంధ్ర విద్యాపీఠ గోష్ఠి అనే సంస్థ పెట్టారు. మన భాష, మన పాట, మన ఆట జనంలో నిలబెట్టాలన్నది ఉద్దేశం. తోలుబొమ్మలాట, వీధినాటకం, జముకుల కథ లాంటి వాటిని చదువుకున్నవాళ్లు చిన్నచూపు చూస్తున్న రోజుల్లో ఎడింబరో ఎం.ఏ. వాటిని నెత్తిన పెట్టుకున్నాడు.

ఇంతలో రామదండు వచ్చింది.

రామదండు అంటే ఆయన కూడగట్టిన వాలంటీర్ల దళం. సుమారు వెయ్యిమంది. కాషాయం బట్టలు, మెడలో రుద్రాక్షలు, నుదుట సింధూరం. రాముడి పనికి హనుమంతుడు ఎలా నిలబడ్డాడో ఊరి పనికి అలా నిలబడాలన్నది భావం. యూనిఫాం చూడగానే జనానికి ఎవరో తెలిసిపోవాలి, వేసుకున్నవాడికి ఎందుకు వేసుకున్నాడో గుర్తుండాలి. ఈ రెండూ ఆ వేషంతో జరిగాయి. ఆయనకు చిన్నప్పటి నాటకాల పిచ్చి ఎక్కడికీ పోలేదని నాకు అనిపిస్తుంది. వెయ్యిమందికి ఒకే పాత్ర ఇచ్చారు, అంతే.

వాళ్లకు మొదటి పెద్ద పరీక్ష 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో విజయవాడలో వచ్చింది. అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశం. కోటి రూపాయల తిలక్ స్వరాజ్య నిధి, కోటిమంది సభ్యులు, 20 లక్షల రాట్నాలు అని దేశానికి లక్ష్యాలు పెట్టిన సమావేశం అదే. పింగళి వెంకయ్య గారు గాంధీజీకి జెండా అందించిన సందర్భం కూడా అదే. గాంధీ గారిని ఒక్కసారి చూస్తే చాలని చుట్టుపక్కల ఊళ్లన్నీ విరుచుకుపడ్డాయి. మైకులు లేని కాలం. బారికేడ్లు లేవు. ఆ జనాన్ని అదుపులో పెట్టే పని రామదండుకు అప్పజెప్పారు.

పుష్కరాల రద్దీలో చిక్కుకున్నవాళ్లు మీలో ఉంటారు. జనం ఒక్కసారి ముందుకు తోసినప్పుడు ఏమవుతుందో మీకు తెలుసు. అక్కడ నిలబడ్డ ఇరవై ఏళ్ల నేత కుర్రాడికి ప్రభుత్వం ఇచ్చిన అధికారం లేదు, జీతం లేదు. గొంతు పెంచకుండా చెప్పగలగాలి. పెద్దాయన కసిరితే నవ్వగలగాలి. దప్పికతో సోలిపోతున్న ముసలమ్మ ఎవరో కళ్లతోనే కనిపెట్టాలి. పక్కన నిలబడ్డ తోటివాడు చోటు వదలడన్న నమ్మకం ఉండాలి. ఇవి నోట్సు రాయించి నేర్పే విషయాలు కావు. ఇవాళ కంపెనీలు ఇంటర్వ్యూల్లో కమ్యూనికేషన్, టీమ్ వర్క్, ఒత్తిడిలో నిలకడ అంటూ వెతికేవి ఇవే. మేము క్లాసులో గ్రూప్ డిస్కషన్ పెట్టి నేర్పుతాం. గ్రూప్ డిస్కషన్‌లో ఎవరికీ దప్పిక వేయదు, అందుకే అది సగమే నేర్పుతుంది.

విజయవాడలో రామదండు క్రమశిక్షణ అందరి మెప్పూ పొందింది. అసలు పరీక్ష మాత్రం ఇంటి దగ్గరే కాచుకుని ఉంది.

చీరాల, పేరాల, పక్కనున్న జాండ్రపేట, వీరరాఘవపేట అప్పటిదాకా యూనియన్‌గా ఉండేవి. ఇప్పటి మేజర్ పంచాయతీ లాంటిదనుకోండి. 1919, 20 ప్రాంతంలో మద్రాసు ప్రభుత్వం చీరాల పేరాలను మునిసిపాలిటీ చేసింది. వినడానికి పదోన్నతి లాగే ఉంటుంది. కానీ మగ్గం మీద బతికే ఊరు ఇది. పన్ను కొన్ని రెట్లు పెరిగింది. అంత పన్ను కట్టే స్తోమత లేదు, మాకీ మునిసిపాలిటీ వద్దు అని జనం అర్జీలు పెట్టారు. సర్కారు వినలేదు. కౌన్సిలర్లు రాజీనామా చేశారు. ప్రభుత్వం జీతగాడైన ఒక చైర్మన్‌ను నియమించి, ఎన్నికైన సభ్యులు లేకుండానే పని నడిపించింది. జనం పన్ను కట్టడం మానేశారు. కొందరిని జైలుకు పంపారు. వాళ్లలో రావూరి అలివేలమ్మ గారు అనే ఇల్లాలు కూడా ఉన్నారు. నూరేళ్ల కిందట, పన్ను కట్టనన్నందుకు జైలు గడప తొక్కిన చీరాల ఆడమనిషి. మీ అమ్మాయికి ఆ పేరు తప్పకుండా చెప్పండి.

విజయవాడ సమావేశం అయ్యాక, ఏప్రిల్ మొదటి వారంలోనే, గాంధీజీ చీరాల వచ్చారు. రెండు దారులు చెప్పారు. హింస లేకుండా పన్ను కట్టకుండా నిలబడి, వచ్చే శిక్ష భరించడం ఒకటి. మునిసిపాలిటీ హద్దులు దాటి బయటికి వెళ్లిపోవడం రెండోది. ఊళ్లో మనుషులే లేకపోతే మునిసిపాలిటీ ఎవరి మీద? ఏ దారి పట్టినా సొంత కాళ్ల మీదే నిలబడాలి, కాంగ్రెస్ ఆదుకుంటుందని ఆశ పెట్టుకోవద్దు అని కూడా స్పష్టం చేశారు.

గోపాలకృష్ణయ్య గారు, ఊరి జనం రెండో దారి ఎంచుకున్నారు. ఎండలు ముదిరే వేళకు ఊరు ఖాళీ అయింది. 15 వేల పైచిలుకు జనంలో 13 వేలకు పైగా ఇళ్లు వదిలి, హద్దు అవతల పాకలు వేసుకున్నారు. ఆ కొత్త ఊరికి రామనగరం అని పేరు.

ఈ మాట ఒక్క వాక్యంలో చెప్పేశాను. చరిత్ర పుస్తకాలు కూడా ఇలాగే ఒక్క వాక్యంలో దాటేస్తాయి. మీరు దాటకండి. మీ వీధిలో ఎన్ని ఇళ్లు ఉంటాయి? అందరూ ఒకే వారంలో ఇల్లు వదిలి, ఊరి బయట ఇసకలో తాటాకు పాక వేసుకోవాలనుకోండి. పిట్టగోడకు ఆనుకుని కట్టిన మగ్గం ఎలా విప్పుతారు, ఎలా మోస్తారు? మగ్గం ఆగితే ఆ రోజు కూడు ఆగుతుంది. బాలింతను ఎక్కడ పడుకోబెడతారు? మంచినీళ్ల బావి ఎంత దూరం, క్యూ ఎంత పొడవు, ముందు ఎవరికి? తాటాకు పాకల వరసలో ఒక్క పొయ్యి నుంచి నిప్పురవ్వ ఎగిరితే? ఖాళీ ఇళ్లలో దొంగలు పడితే? ఏ పాక ఎక్కడ వేయాలని అన్నదమ్ములే కొట్లాడుకుంటే?

వీటన్నిటికీ ఒక్క ప్రభుత్వ ఆఫీసూ లేదు. అడగడానికి హెల్ప్‌లైన్ లేదు. రామదండు ఉంది. వేర్వేరు వర్గాల నుంచి ప్రతినిధులతో సొంత పంచాయతీ పెట్టుకున్నారు. తగాదాలు కోర్టుకు పోకుండా అక్కడే తీర్చుకున్నారు. కాపలా, సాయం వాలంటీర్ల పని. ఇలా ఒక నెల కాదు, దాదాపు 11 నెలలు. వేసవి, వానాకాలం, చలికాలం మూడూ ఆ పాకల్లోనే చూశారు. మన తీరంలో అక్టోబర్, నవంబర్ గాలులు ఎలా ఉంటాయో మీకు నేను చెప్పక్కర్లేదు.

ఆ కుర్రాళ్ల వైపు నుంచి ఆలోచించండి. మార్చిలో విజయవాడలో జనాన్ని అదుపు చేయడం రెండు రోజుల పని. చేశాం, మెప్పు పొందాం, ఇంటికి వచ్చాం. రామనగరంలో చేసింది అలాంటిది కాదు. చప్పట్లు లేవు. నిన్న చేసిన పనే ఇవాళ మళ్లీ చేయాలి. సాయం తీసుకున్నవాళ్లే విసుక్కుంటారు. పిల్లలకు సేవ అంటే ఒక ఆదివారం, ఒక బ్యానర్, ఒక ఫోటో అని మనమే అలవాటు చేస్తున్నామేమోనని నాకు భయంగా ఉంటుంది. ఒక్క ఆదివారంతో వచ్చేది ఉత్సాహం. నిలకడ రావాలంటే అదే చోటికి ఆరో వారం కూడా వెళ్లాలి. అప్పటికి కొత్త పోయి ఉంటుంది, అమ్మా ఈ వారం మానేస్తానే అని మొదలవుతుంది. మీరు గట్టిగా ఉండాల్సింది ఆ వారమే.

గోపాలకృష్ణయ్య గారికి ఇంకో తలనొప్పి డబ్బు. వేలమందిని నెలల తరబడి నిలబెట్టాలంటే నిధులు కావాలి. ఊరూరా తిరిగి విరాళాలు అడిగారు. మంచి వక్త, మంచి గాత్రం, చమత్కారం, అప్పటికప్పుడు పద్యం అల్లగల నేర్పు. ఎదుటివాణ్ణి నవ్వించి, వెంటనే ఆలోచింపజేసేవారు. బిడియం లేకుండా పరాయి మనిషి దగ్గరకు వెళ్లి, ఊరి కోసం చేయి చాపడం ఎంత కష్టమో ఒకసారి చందా పుస్తకం పట్టుకుని తిరిగినవాళ్లకే తెలుస్తుంది. మన పిల్లల్లో చాలామందికి షాపులో చిల్లర తక్కువ వచ్చిందని చెప్పడానికే నోరు రాదు. ఇంగ్లిష్ రాక కాదు, అలవాటు లేక.

ఆ తిరుగుడులోనే గంజాం జిల్లా బరంపురం వెళ్లారు. అక్కడ ఆయన మాట్లాడకూడదని అధికారులు నిషేధం పెట్టారు. ఆయన మాట్లాడారు. అరెస్టు చేసి ఏడాది జైలు వేశారు, తిరుచిరాపల్లి పంపారు.

రామనగరం అక్కడి నుంచి సడలింది. నిధులు తగ్గాయి. సర్కారు ఒత్తిడి పెరిగింది. నడిపించే మనిషి వందల మైళ్ల దూరంలో గోడల వెనక ఉన్నాడు. 1922 తొలి నెలల్లో జనం మెల్లగా పాత ఇళ్లకు తిరిగివచ్చారు. మునిసిపాలిటీ పోలేదు. ఉద్యమం అనుకున్నది సాధించలేదు.

ఇక్కడ నా అభిప్రాయం ఒకటి చెప్పాలి, మీరు ఒప్పుకోనవసరం లేదు. ఆయన మీద ఎంత గౌరవం ఉన్నా, అంత పెద్ద పని ఒక్క మనిషి గొంతు మీద, ఒక్క మనిషి మెరుపు మీద ఎక్కువగా ఆనుకుని నిలబడిందనిపిస్తుంది. ఆయన లేని రోజున డబ్బు ఎవరు తేవాలి, మాట ఎవరు చెప్పాలి అన్నది ముందే గట్టిగా తేల్చుకుని ఉంటే ఆ ఊరు ఇంకొన్నాళ్లు నిలబడేదేమో. స్కూల్లో కూడా ఇదే చూస్తాం. చురుకైన ఒక పిల్ల గ్రూప్ లీడర్ అవుతుంది, పనంతా తనే చేసేస్తుంది, ప్రాజెక్టు అద్భుతంగా వస్తుంది. ఆ పిల్లకు జ్వరం వచ్చిన రోజు మిగతా అయిదుగురికి గమ్ సీసా ఎక్కడుందో తెలియదు. పని చేయడం ఒక విద్య. ఆ పనిని పక్కవాడి చేతిలో పెట్టి, వాడు మెల్లగా చేస్తుంటే చూస్తూ ఊరుకోవడం ఇంకో విద్య. రెండోదే కష్టం. తల్లిదండ్రులుగా మనకూ కష్టమే, వంటింట్లోకి పిల్లల్ని రానిచ్చినప్పుడు తెలుస్తుంది.

అలాగని ఉద్యమం ఓడిపోయింది అని ఒక్క ముక్కలో తేల్చడం నాకు ఇష్టం లేదు. 13 వేల మంది 11 నెలల పాటు, దెబ్బకు దెబ్బ తీయకుండా, సొంత ఊరిని సొంతంగా నడుపుకున్నారు. రామనగరం పాకల్లో నీళ్లు మోసిన, రాత్రి కాపలా కాసిన కుర్రాళ్లు ఆ ఏడాది తరువాత మళ్లీ పాత కుర్రాళ్లుగా ఉండి ఉండరు. అప్పుడు నేర్చుకున్నది జైలుకు పంపితే పోయేది కాదు, పన్ను కింద జప్తు చేస్తే పోయేదీ కాదు.

జైలు నుంచి వచ్చాక ఆయన రాజకీయాల్లో ఇంకా పైకి ఎదిగారు. 1923లో అఖిల భారత కాంగ్రెస్ కార్యదర్శుల్లో ఒకరయ్యారు. గాంధీజీని గౌరవిస్తూనే ఆయనతో విభేదించి, స్వరాజ్య పార్టీ వైపు నడిచారు. ఇంట్లో మాత్రం లేమి. తనకంటూ కూడబెట్టడం ఆయనకు చేతకాలేదు. క్షయ పట్టుకుంది. ఆ రోజుల్లో క్షయకు మందు లేదు, స్ట్రెప్టోమైసిన్ రావడానికి ఇంకా పదిహేనేళ్ల పైనే ఉంది. 1928 జూన్‌లో వెళ్లిపోయారు.

ఆయన పేరు మీద స్కూలు పిల్లలు రోజూ బ్యాగులు మోసుకుంటూ లోపలికి వెళ్తున్నారు. మంచిదే. అయితే ఆయన పని గుర్తుందా అన్నదే నా అనుమానం. 1969 సెప్టెంబర్ 24న కేంద్ర ప్రభుత్వం 37 యూనివర్సిటీల్లో 40 వేల మంది విద్యార్థులతో ఎన్‌ఎస్‌ఎస్ మొదలుపెట్టింది. మీలో చాలామంది డిగ్రీలో ఆ క్యాంపులకు వెళ్లే ఉంటారు. పది రోజులు ఏదో పల్లెటూళ్లో ఉండి, రోడ్డు వేసి, సాంబారన్నం తిని, రాత్రిళ్లు పాటలు పాడి ఉంటారు. అక్కడ పరిచయమైన స్నేహితులు ఇప్పటికీ ఫోన్లో ఉంటారు. అలాంటి క్యాంపుకు మీ అబ్బాయి వెళ్తానంటే ఈఏపీసెట్ కోచింగ్ పోతుందని ఆపబోయే ముందు, మీకు ఆ పది రోజులు ఏమిచ్చాయో ఒకసారి గుర్తు చేసుకోండి. దివిసీమ ఉప్పెన, 1977 నవంబర్ 19, మీ అమ్మానాన్నలకు బాగా గుర్తుంటుంది. ఆ తరువాత రేపల్లె, అవనిగడ్డ వైపు సాయానికి వెళ్లినవాళ్లను కదిపి చూడండి. ఇన్నేళ్లయినా వివరాలు చెక్కుచెదరకుండా చెబుతారు.

పెద్ద పనులే అక్కర్లేదు. కార్తీక పౌర్ణమి నాడు వాడరేవులో, రామాపురం తీరంలో ఎంత జనం ఉంటారో మీకు తెలుసు. తప్పిపోయిన పిల్లల్ని అమ్మానాన్నల దగ్గరకు చేర్చే టెంటులో పెద్దవాళ్ల పక్కన రెండు గంటలు కూర్చోబెట్టండి. ఏడుస్తున్న మూడేళ్ల పాపను మీ పదమూడేళ్ల కొడుకు ఎలా ఊరడిస్తాడో దూరం నుంచి చూడండి. ఇంట్లో చెల్లెలితో రిమోట్ కోసం కొట్లాడే పిల్లాడేనా అనిపిస్తుంది. వీధిలో ఒంటరిగా ఉండే మామ్మగారికి వారానికి ఒకసారి మందుల చీటీ చదివి పెట్టడం, కరెంటు బిల్లు ఫోన్లో కట్టి పెట్టడం కూడా సేవే. అక్కడ వాళ్లు నేర్చుకునేది ఓపిక. ఒకే ప్రశ్నకు నాలుగోసారి కూడా విసుక్కోకుండా జవాబు చెప్పడం. ఇది పెద్దయ్యాక కస్టమర్ ముందు, పేషెంట్ ముందు, క్లాసు ముందు కూర్చున్నప్పుడు అక్కరకొస్తుంది. రెండు జాగ్రత్తలు మాత్రం చెబుతాను. పెద్దవాళ్లు తోడు లేకుండా పిల్లల్ని పంపకండి. సర్టిఫికెట్ ఇస్తారా అని పిల్లల ముందు అడగకండి. రెండోది మొదటిదానంత ముఖ్యం.

ఈ నెల ఆరు నుంచి తొమ్మిదో తరగతి పిల్లలకు చిన్న హోంవర్క్ ఇస్తున్నాం, కానీ అది మీరు లేకుండా జరగదు. చీరాల, పేరాల, జాండ్రపేట పాత కుటుంబాల వాళ్లు మన పేరెంట్స్‌లో చాలామంది ఉన్నారు. మీ ఇంట్లో తాతగారో, జేజమ్మో, వాళ్ల పెద్దలు చెప్పగా విన్న రామనగరం ముచ్చట్లు ఏవైనా ఉంటే పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని చెప్పమనండి. మీ పాక ఎటువైపు ఉండేది, మగ్గం ఎవరు మోశారు, నీళ్లు ఎక్కడి నుంచి తెచ్చుకున్నారు, ఇంట్లో ఎవరైనా రామదండులో ఉన్నారా. పిల్లలు తెలుగులో గానీ ఇంగ్లిష్‌లో గానీ ఒక పేజీ రాసి క్లాస్ టీచర్‌కు ఇస్తే చాలు. బాపట్ల, తెనాలి, రేపల్లె బ్రాంచీల పిల్లలు తమ ఊళ్లో ఉప్పెన రోజుల్లో ఎవరు ఎవరికి అన్నం పెట్టారో అడిగి రాయవచ్చు. స్పెల్లింగులు మేము చూసుకుంటాం, మీరు దిద్దకండి.